పరాయి ఇరుసు

యార్క్‌టన్‌కి ఉత్తరాన, అక్టోబరు చివర,
కోత అయిపోయిన చేలలో నీటిగుంటల అంచులు
గాజులా గట్టిపడుతున్న రోజుల్లో
మా నెస్టర్ పికప్పు
ఓట్ల బస్తాలతో మిట్టెక్కుతూ ఒక్కసారి మూలిగి
అక్కడే నిలబడిపోయింది.

డెబ్బై ఎనిమిదో సంవత్సరపు ఫోర్డు.
ఇంజను గుండ్రాయి. తలుపులు తుప్పు తిన్న జల్లెడ.
పోయింది వెనక ఇరుసు.
కవరు విప్పితే పళ్ళు రాలిన గేరు,
మాడిన గంధకం వాసన.

నలభై మైళ్ళలో పనికొచ్చే ఇరుసు ఒక్కటే ఉంది.
ఒక అంచె బరువు బండిది.
ఆర్విడ్ లిండ్‌క్విస్ట్‌ది.

ఆ పేరు వింటే మా ఇంట్లో పాలు విరిగేవి.
పందొమ్మిదేళ్ళ గట్టు తగాదా,
మంచు కరిగిన నీళ్ళు ఎవరి గుంటలోకి పోవాలని.
సర్వేయరొచ్చి మేకులు పాతి వెళ్ళాడు.
రాత్రికి రాత్రి మేకులు నడిచాయి.
ఎవరు నడిపించారో ఇద్దరికీ తెలుసు,
ఇద్దరూ రెండోవాడే అన్నారు.

ఏప్రిల్లో ఆర్విడ్ పోయాడు.
నెస్టర్ వెళ్ళలేదు.
నేను దుంపల పెరోగీలు చేసి పట్టుకెళ్ళాను, ఇంట్లో చెప్పకుండా.

అందుకే బేరానికీ నేనే.
"డబ్బేం వద్దు, మోసుకుపోండి," అంది థోరా,
"షెడ్డు ఖాళీ అవుతుంది."
తలుపు మూస్తూ,
"ఆయనుంటే నవ్వేవాడు."
ఏ నవ్వో చెప్పలేదు.

కాంక్రీటు మీద అట్టపెట్టె పరుచుకుని
వాడు బండి కింద. టార్చి పట్టడం నా పని.
పాత బోల్టులు పానాకి లొంగవు.
నూనె పోశాం, మంట పెట్టాం,
తయారుచేసినవాడి అమ్మనీ అబ్బనీ తలుచుకున్నాం,
ఆఖరికి రంపం.
తెగిన బ్రేకు గొట్టంలోంచి చుక్కా చుక్కా
సరిగ్గా వాడి చెవిలోకే.

కమాను పట్టీల పీటలు కలవలేదు.
కోసి, జరిపి, మళ్ళీ అతకాలి.
ఇరుసు ముక్కు ఎంత పైకెత్తాలన్నదే అసలు కిటుకట.
"షాఫ్టు ఈ చివర ఎంత వంగితే
ఆ చివరా అంతే వంగాలి.
లేదా దారి పొడుగునా వణుకుతుంది," అన్నాడు,
ఇనుము గురించే.

ముందు చక్రాలకి అయిదు నట్లు, వెనక ఎనిమిది.
ఇకమీదట రెండు స్టెప్నీలు మొయ్యాలి.

బిగించేముందు ఆర్విడ్ ఇరుసు కవరు విప్పాడు.
టార్చి దగ్గరగా పెట్టాను.
తేనెరంగు నూనె.
అయస్కాంతం మీద బూజంత ఇనుప రజను, అంతే.
ఒక్క పన్నూ అరగలేదు.
కవరు లోపలివైపు, ఎవరూ చూడని చోట,
మేకుమొనతో గీసిన తేదీలు,
నూనె మార్చినప్పుడల్లా ఒకటి.
పద్నాలుగు. చివరిదాని అంకెలు వంకర్లు పోయాయి.

"వాడికి గొడ్డలి నూరుకోవడం కూడా చేతకాదు" అని
ఇన్నేళ్ళూ చెప్పినవాడు
ఆ అంకెలు బొటనవేలితో తుడిచి చూశాడు.
నా చెయ్యి లాగేదాకా చూస్తూనే ఉన్నాడు.
తర్వాత మేకు అడిగాడు.
పద్నాలుగో తేదీ కింద
ఆవేళ్టిది గీశాడు,
వరస తప్పకుండా.

ఇరుసు మారితే గేరు లెక్క మారుతుంది.
స్పీడు ముల్లు ఎనభై అంటోంది,
మేం పోయేది అరవై తొమ్మిది.
"సరిచేయించవా?"
"ఎంత అబద్ధమో తెలుసుగా. చాల్లే."

లిండ్‌క్విస్ట్‌ల గేటు దగ్గర
బ్రేకు చూడాలన్నాడు.
పట్టింది.
వంటింట్లో దీపం ఉంది. ఇంజను తిరుగుతూనే ఉంది.
నూనె కారుతోందేమో చూసొస్తానని దిగాడు.
టార్చి ఇవ్వబోయాను.
అక్కర్లేదన్నాడు.